వేలంపాటకు పరువు తెచ్చిన మనిషి - రిచర్డ్ టాటర్సాల్

విద్యార్థి సంఘం వారు ఈ సంవత్సరం సావనీరుకు ఒక వ్యాసం రాసి పంపమని కోరినప్పుడు, పూర్వ విద్యార్థిని గనుక హాస్టలు మెస్సు గురించో, సంఘం ఎన్నికల హడావుడి గురించో నాలుగు ముచ్చట్లు రాస్తానని అనుకొని వుంటారు. అవి రాయడానికి నాకంటె చమత్కారులు చాలామంది వున్నారు. నేను మాత్రం మన దేశం మొహమైనా చూడని, చనిపోయి రెండువందల యేళ్లు దాటిన ఒక ఇంగ్లీషువాడి గురించి రాయదలచుకున్నాను. ఆయన రాజు కాడు, కవి కాడు, శాస్త్రజ్ఞుడు అంతకంటె కాడు. గుర్రాలను వేలం వేసేవాడు, గుర్రాలను పెంచేవాడు. పేరు రిచర్డ్ టాటర్సాల్. ఇటువంటి మనిషితో మనకేం పని అని మీరు అడగవచ్చు. నాకు మాత్రం ఒకప్పుడు ఆయనతో పని పడింది. అదెలాగో చెబుతాను.

1971 నుంచి 1974 వరకు నేనీ కళాశాలలో బి.కాం. చదివాను. మాకు ఇంగ్లీషు చెప్పిన లెక్చరరుగారికి ఒక గళ్ల చొక్కా వుండేది. లేతరంగు గుడ్డ మీద రెండు వేరువేరు రంగుల్లో సన్నటి గీతలు నిలువునా అడ్డంగా పోయి చిన్న చిన్న గళ్లు ఏర్పడేవి. వారంలో రెండుసార్లయినా అదే చొక్కా. ఒకరోజు వెనక బెంచీ వాడెవడో ధైర్యం చేసి ఆ చొక్కా సంగతి ఎత్తాడు. ఆయన కోప్పడలేదు. ఆ గళ్లకు టాటర్సాల్ అని పేరనీ, అది లండనులో గుర్రాలను వేలం వేసే ఒక మనిషి పేరనీ, ఆ వేలంశాలలో గుర్రాల మీద కప్పే దుప్పట్లకు అటువంటి గళ్లు వుండేవనీ, దుప్పటి పేరు చివరికి చొక్కాకు వచ్చిందనీ చెప్పారు. లెక్చరరుగారు గుర్రం దుప్పటి తొడుక్కున్నారని తరగతంతా నవ్వింది. నేను నవ్వలేకపోయాను. వేలం అనే మాట వింటే చాలు, నాకు కడుపులో దేవినట్టయ్యే రోజులవి.

1972 కరువు సంవత్సరం. మా చేనికి నీళ్లు లేవు. బావి పూడిక తీయించడానికీ, విత్తనాలకూ తెచ్చిన అప్పు మా నాన్న కట్టలేకపోయాడు. అప్పిచ్చినవారు మా ఎద్దుల జతను తోలుకుపోయి, వూళ్లో టముకు వేయించి, రచ్చబండ దగ్గర వేలం పెట్టారు. అవి వొంగోలు ఎద్దులు. దుక్కి లేని రోజుల్లో బండి కట్టి బాడుగకు తిరిగేవాళ్లం.

ఆ రోజు వూరంతా వచ్చింది కాని పాట పాడింది మా వూరివాడు ఒక్కడూ లేడు. తోటి రైతు కష్టం మీద పాట పాడటం తప్పని మావాళ్ల మర్యాద. ఆ మర్యాదే మా కొంప ముంచింది. పై వూరి బేరగాడొకడు మాత్రం ఏదో అడిగాననిపించుకున్నాడు. ఒకటోసారి, రెండోసారి, మూడోసారి అన్నారు. సంతలో పలికే ధరలో సగం కూడా రాలేదు. ఎద్దులూ పోయాయి, అప్పూ తీరలేదు. మా నాన్న ఆ తర్వాత చాలా రోజులు రచ్చబండ వైపు నడవలేదు, చుట్టూ తిరిగి చేనికి పోయేవాడు.

అందుకని నాకొక సందేహం వచ్చింది. వేలం వేసి బతికినవాడి పేరును జనం తమ చొక్కాకు పెట్టుకోవడమేమిటి? లైబ్రరీలో ఇంగ్లండు ప్రముఖుల జీవితాలున్న లావుపాటి సంపుటాలు వుండేవి. పక్కన నిఘంటువు పెట్టుకొని, ఒక్కొక్క వాక్యమే కూడబలుక్కుంటూ చదివాను. తర్వాత కూడా ఎక్కడ ఆయన పేరు కనిపించినా చదువుతూ వచ్చాను.

టాటర్సాల్ పల్లెటూరివాడు. ఉత్తర ఇంగ్లండులో లాంకషైరు ప్రాంతంలోని హర్స్ట్‌వుడ్ అనే చిన్న గ్రామంలో 1724లో పుట్టాడు. తండ్రి పేరు ఎడ్మండ్. రిచర్డు రెండవ కొడుకు. దగ్గరలోని బర్న్‌లీ పట్నం బడిలో చదివాడు గాని పుస్తకం కన్నా గుర్రం మీదే ధ్యాస ఎక్కువ. 1745లో స్టూవర్టు వంశీయుల పక్షాన ఇంగ్లండులో తిరుగుబాటు వచ్చింది. ఇరవయ్యొక్కేళ్ల కుర్రవాడు తానూ పోయి అందులో చేరతానన్నాడనీ, తండ్రి వొప్పుకోకపోయేసరికి అలిగి లండను దారి పట్టాడనీ చెబుతారు. మన పల్లెల్లో అలిగి పట్నం పోయిన కుర్రాళ్లు ఎందరో! అయితే పోయినవాడు ఏ పనిలో కుదురుకున్నాడన్నదే ముఖ్యం. ఈయన కింగ్‌స్టన్ ప్రభువు గుర్రపుశాలలో కొలువుకు కుదిరాడు. కాలక్రమాన ఆ శాలల బాధ్యతంతా ఆయన మీదే పడింది.

అక్కడాయన రెండు చదువులు చదివాడని నాకనిపిస్తుంది. ఒకటి గుర్రం చదువు. డెక్క ఎలా వుంది, పన్ను ఏం చెబుతోంది, పరుగు తర్వాత వూపిరి ఎలా ఆడుతోంది, తల్లి ఎవరు, తండ్రి ఎవరు అన్నది. రెండవది గుర్రాలు కొనే దొరల చదువు. ఎవరికి మోజెక్కువ, ఎవరి మాట మీద నిలబడవచ్చు అన్నది. ఈ రెండో చదువు వేలం వేసేవాడికి మొదటిదానికంటె అవసరం.

1766లో, నలభై రెండేళ్ల వయసులో, ఆయన సొంతంగా వేలంశాల పెట్టాడు. లండనులో హైడ్ పార్క్ కార్నర్ దగ్గర, సెయింట్ జార్జి ఆసుపత్రి వెనుక, గ్రోవ్‌నర్ ప్రభువు దగ్గర స్థలం తొంభై తొమ్మిదేళ్లకు కవులు తీసుకున్నాడు. ఇవాళ అది నగరం నడిబొడ్డు. అప్పుడు వూరి చివర. సోమవారం సోమవారం వేలం. జనం బాగా వచ్చే కాలంలో గురువారం కూడా వుండేది. గుర్రాలే కాదు, బళ్లు, జీనులు, వేటకుక్కలు కూడా అక్కడ పాటకు వచ్చేవి.

ఇక్కడ గుర్రపు వ్యాపారం గురించి ఒక మాట చెప్పాలి. ఆ రోజుల్లో ఇంగ్లండులో గుర్రం బేరగాడంటే మోసగాడికి మారుపేరు. ముసలి గుర్రం పళ్లు ఆకురాయితో రాసి, వాటి మీద కాల్చి నల్లమచ్చలు పెట్టి, పడుచు గుర్రమని అంటగట్టేవారు. మన సంతలు చూసినవారికి ఇది వింతేమీ కాదు. పళ్లు చూసి, సుళ్లు చూసి, తోక మెలేసి చూసి, అంత చూసినా ఇంటికొచ్చాక ఎద్దు కుంటిదని తెలిసినవాళ్లు ప్రతి వూళ్లో వుంటారు. పైగా మన సంతల్లో బేరం తుండుగుడ్డ కింద జరుగుతుంది. బేరగాళ్లిద్దరూ గుడ్డ కింద ఒకరి వేళ్లు ఒకరు పట్టుకొని ధర చెప్పుకుంటారు. పక్కనున్నవాడికి, ఒక్కొక్కసారి ఎద్దు గలవాడికే, ఎంతకు తెగిందో తెలియదు.

వేలం చేసేదల్లా ఆ తుండుగుడ్డ తీసెయ్యడమే. ధర పదిమందిలో, పైకి, అందరికీ వినపడేటట్టు పలుకుతుంది. మన భాషలో దాన్ని పాట అనడం నాకు చాలా బాగుంటుంది. పాట రహస్యంగా పాడేది కాదు గదా. అయితే బి.కాం. విద్యార్థిగా నాకు తర్వాత్తర్వాత తెలిసివచ్చిన సంగతి ఏమంటే, పైకి పాడినంత మాత్రాన పాట న్యాయమైపోదు. నలుగురూ కూడబలుక్కొని పాట ఆపెయ్యవచ్చు. లేని పాటను వున్నట్టు అరిచి ధర పెంచవచ్చు. పాట ముగిశాక అమ్మినవాడికి డబ్బు యివ్వకుండా తిప్పవచ్చు. కొనేవాళ్లు చాలినంతమంది రాకపోతే, మా ఎద్దులకు పట్టిన గతే పడుతుంది. ఇవేవీ జరగకుండా చూసే మనిషి మధ్యన వుండాలి.

టాటర్సాల్ ఆ మనిషి అయ్యాడు. ప్రధానంగా ఇతరుల గుర్రాలను అమ్మిపెట్టి, అందుకు రుసుము పుచ్చుకునేవాడు. అమ్మేవాడికీ కొనేవాడికీ ఒకే మాట చెబుతాడనీ, లెక్క తప్పడనీ పేరు వచ్చింది. ఆ పేరు విని ఎక్కడెక్కడి కొనుగోలుదార్లూ అక్కడికే వచ్చేవారు. కొనేవాళ్లు అంతమంది వుంటే ధర పడిపోయే ప్రశ్నే లేదు గనుక అమ్మేవాళ్లూ అక్కడికే వచ్చేవారు. ఫ్రాన్సు రాజకుటుంబానికి కూడా ఆయన గుర్రాలు సరఫరా చేశాడు. ఆయన మంచితనం ఎంతవరకు పాకిందంటే, ఆ కాలపు దారిదోపిడీ దొంగలు కూడా ఆయన జోలికి పోయేవారు కాదనీ, ఒకసారి ఒక జేబుదొంగ ఆయన రుమాలు కాజేసి, ఎవరిదో తెలిశాక తిరిగి పంపాడనీ కథలు చెప్పుకునేవారు. నిజమో కాదో గాని, ఊరకే ఎవరి మీదా ఇటువంటి కథలు పుట్టవు.

ఇంతవరకు చదివినప్పుడు నాకు ఆయన మీద గౌరవం కలిగింది గాని, ప్రేమ కలగలేదు. అది కలిగింది హైఫ్లయర్ దగ్గరికి వచ్చాక.

హైఫ్లయర్ ఒక గుర్రం. 1774లో పుట్టింది. తండ్రి హెరాడ్ అనే పేరుమోసిన గుర్రం. ఆ వంశం పైకి పోతే, తూర్పు దేశాల నుంచి ఇంగ్లండుకు వచ్చిన బయర్లీ టర్క్ అనే గుర్రానికి చేరుతుంది. హైఫ్లయర్ పందెంలో ఓటమి ఎరగదు. దాని యజమాని బోలింగ్‌బ్రోక్ ప్రభువు. 1779లో టాటర్సాల్ దాన్ని రెండువేల అయిదువందల పౌండ్లు పెట్టి కొన్నాడు. ఆ రోజులకది చాలా పెద్ద మొత్తం. ఒకరి కింద గుర్రాలు చూసుకొని బతికిన పల్లెటూరి మనిషి తన సంపాదన ఒక్క జంతువు మీద పెట్టాడంటే ఆ రోజు ఎందరు నవ్వి వుంటారో!

కాని ఆయన కొన్నది పరుగు కోసం కాదు, సంతతి కోసం. మేలుజాతి మగగుర్రం వుంటే, దేశంలోని యజమానులు తమ ఆడగుర్రాలను తోలుకువస్తారు. ఒక్కొక్కదానికి ఇంత అని రుసుము. పిల్లలు గెలిస్తే తండ్రి విలువ పెరుగుతుంది. అప్పటికి ఎక్లిప్స్ అనే మరో గొప్ప గుర్రం వంశం కూడా వృద్ధిలో వుంది. ఎక్లిప్స్ కూతుళ్లను నా హైఫ్లయర్ దగ్గరికి పంపండి, దేశంలో మేటి పందెపు గుర్రాలు పుడతాయని టాటర్సాల్ యజమానులకు చెప్పేవాడట. అది వట్టి అమ్మకందారు మాట కాలేదు. ఇంగ్లండులో డెర్బీ అనే మహాపందెం 1780లో మొదలయింది. 1786లో నోబుల్, 1787లో సర్ పీటర్ టీజిల్, 1789లో స్కైస్క్రేపర్ - నాలుగేళ్లలో మూడుసార్లు ఆ పందెం గెలిచినవి హైఫ్లయర్ బిడ్డలే. సర్ పీటర్ టీజిల్‌ను పెంచినవాడు ఎవరి పేరు మీద ఆ పందెం వుందో ఆ డెర్బీ ప్రభువే.

ఈ గుర్రం సంపాదించి పెట్టిన డబ్బుతో టాటర్సాల్ కేంబ్రిడ్జి దాపున ఈలీ పట్నం దగ్గర పెద్ద ఇల్లు కట్టుకున్నాడు. దానికి తన పేరు పెట్టుకోలేదు. తన తండ్రి పేరూ పెట్టలేదు. హైఫ్లయర్ హాల్ అని పేరు పెట్టాడు. తర్వాత నాలుగవ జార్జి రాజైన యువరాజూ, రాజకీయవేత్త చార్లెస్ జేమ్స్ ఫాక్సూ అక్కడ అతిథులుగా వుండేవారు. గుర్రం పేరున్న ఇంట్లో యువరాజు భోజనం చేశాడన్నమాట!

థామస్ బీచ్ అనే చిత్రకారుడు ఆయన బొమ్మ గీశాడు. టాటర్సాల్ కూర్చొని వుంటాడు. వెనుక దూరంగా హైఫ్లయర్ కనిపిస్తుంది. చేతి దగ్గర ఒక పుస్తకం, దాని మీద హైఫ్లయర్ అమ్మకానికి లేదు అని అర్థం వచ్చే మాటలు రాసి వుంటాయి. ఆ సంగతి చదివిన నాడు నేను పుస్తకం మూసి, లైబ్రరీ వరండాలో చాలాసేపు కూర్చున్నాను. జీవితమంతా అమ్మడమే పనిగా పెట్టుకున్నవాడు, ప్రపంచంలో అమ్మకూడనిది ఒకటి వుందని తన బొమ్మ మీదే రాయించుకున్నాడు. మా నాన్నకూ ఆ మాట అనాలని వుండి వుంటుంది. అనే వీలు లేకపోయింది.

టాటర్సాల్‌ను దేవుణ్ణి చెయ్యడం నా వుద్దేశం కాదు. ఆయన ఒక దినపత్రికలో భాగస్వామి అయ్యాడు. ఆ పత్రిక ఒక స్త్రీ గురించి రాసిన అపవాదుకు న్యాయస్థానంలో భారీగా నష్టపరిహారం చెల్లించుకోవలసి వచ్చింది. గుర్రం విషయంలో అంత జాగ్రత్త పడ్డవాడు, మనిషి పరువు విషయంలో ఏమరుపాటు చూపించాడు. అలాగే పందేల సంఘం పెద్దమనుషుల కోసం తన వేలంశాలలో ఒక గది ఏర్పాటు చేశాడు. ఆయన తదనంతరం, పంతొమ్మిదో శతాబ్దంలో, ఆ చోటు దేశంలోనే పెద్ద పందేల అడ్డా అయింది. అక్కడి సోమవారాల్లో లెక్కలు తేల్చుకోలేక ఆస్తులు పోగొట్టుకున్న కుటుంబాలెన్నో! నమ్మకం మీద కట్టిన చోటే జూదానికీ నీడ అయింది. ఇది కూడా చెప్పకపోతే కథ సగమే చెప్పినట్టు.

హైఫ్లయర్ 1793లో, పందొమ్మిదో యేట చనిపోయింది. దానికి సమాధి రాయి వేయించారు. ఆ రాతిమీది మాటల భావం ఇది: ఈ గుర్రం వల్ల, దాని సంతానం వల్ల టాటర్సాల్ గొప్ప సంపద గడించాడు, ఆ సంగతి వొప్పుకోవడానికి ఆయన సిగ్గుపడలేదు. రెండేళ్లకు, 1795లో, టాటర్సాల్ కూడా కన్నుమూశాడు. ఒక్కగానొక్క కొడుకు ఎడ్మండు వేలంశాల బాధ్యత తీసుకున్నాడు. తాత పేరే మనవడికి పెట్టుకునే ఆచారం మనకే కాదు, వాళ్లకూ వుంది.

తొంభై తొమ్మిదేళ్ల కవులు 1865లో ముగిసి, వేలంశాల నైట్స్‌బ్రిడ్జికి మారింది. తర్వాత పూర్తిగా న్యూమార్కెటుకు చేరింది. పాత ఆవరణలో నీటిపంపు మీద ఒక రాతినక్క, దాని పైన యువరాజు తలబొమ్మ వుండేవి. ఆ నక్క కూడా న్యూమార్కెటుకు వచ్చింది. నేటికీ అక్కడ పాట గినీలలోనే సాగుతుంది. గినీ అంటే పాత లెక్కలో ఇరవైయొక్క షిల్లింగులు, అంటే పౌను మీద ఒక షిల్లింగు ఎక్కువ. ఆ నాణెం ముద్రించడం మానేసి రెండువందల యేళ్లు దాటింది. నాణెం పోయినా పాటలో లెక్క నిలిచింది.

ఉద్యోగరీత్యా నేను చాలాకాలం హైదరాబాదులో వున్నాను. ఆరవ నిజాం కాలంలో, 1886లో మలక్‌పేటకు మారిన గుర్రప్పందేల మైదానం పక్కగా రోజూ బస్సులో పోయేవాణ్ణి. ఒక్క రూపాయి పందెం కాసిన పాపాన పోలేదు. కాని తెల్లవారుజామున గుర్రాలను నడిపిస్తుంటే గోడ ఇవతల నుంచి చూసేవాణ్ణి. అక్కడ పరుగెత్తే జాతి గుర్రాల వంశవృక్షాలన్నీ పైకి పోతే ఇంగ్లండు గుర్రాల వంశపుస్తకంలోనే కలుస్తాయి. ఒక పల్లెటూరి మనిషి అమ్మకానికి లేదని చెప్పిన గుర్రం గుర్తుకొచ్చేది.

ఉద్యోగంలో చేరాక ఒక వకీలు మిత్రుడు నాకింకొక సంగతి చెప్పాడు. సేద్యానికి అవసరమైన పశువులను అప్పు కింద కోర్టువారు కూడా జప్తు చేయరాదని సివిల్ ప్రొసీజరు కోడు అరవయ్యో సెక్షనులో వుందట. 1972లో మా వూళ్లో ఆ ముక్క తెలిసినవాడు లేడు. తెలిసినవాళ్లు చెప్పలేదు. కామర్సు, లా చదివే మిత్రులకు ఈ వ్యాసంలో పనికివచ్చే మాట ఏదైనా వుంటే అది ఇదే. మీ చదువు మీ వూళ్లో టముకు మోగిన రోజున పనికిరావాలి. పాట పెట్టేచోట గుడ్డ తీసెయ్యగల మనిషి ఒకడుండాలి.

ఇక చివరిగా నా బాకీ ఒకటుంది. ఈ కళాశాలలో మొదటి సంవత్సరం నా ఫీజు, హాస్టలు డిపాజిట్టు, ఒక జత చొక్కాలు - అన్నీ ఆ ఎద్దుల బండి బాడుగతో వచ్చినవే. మిగిలిన రెండేళ్లు స్కాలర్‌షిప్పుతో గట్టెక్కాను. చదువుకున్న రోజుల్లో మా నాన్న ఏం చేస్తాడని స్నేహితులు అడిగితే వ్యవసాయం అని చెప్పి వూరుకునేవాణ్ణి. వేలం సంగతి ఎవరికీ చెప్పలేదు. సిగ్గు. టాటర్సాల్ తనకు భాగ్యమిచ్చిన జంతువు పేరు ఇంటికి పెట్టుకున్నాడు, దానివల్లే బాగుపడ్డానని వొప్పుకోవడానికి సిగ్గుపడలేదు. నాకు ఇల్లు కట్టి పేరు పెట్టే స్తోమతు లేదు. నా డిగ్రీ కాగితం మీద వాటి పేర్లు లేవు గనుక, మన సావనీరులోనైనా వుండనివ్వండి. వాటి పేర్లు రాముడు, లక్ష్మణుడు.